ఫుకెట్‌లో ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం: ‘వెజ్’ అనకండి, ‘జే’ అనండి

ప్రశ్న: విశాఖపట్నం నుంచి మేం నలుగురం డిసెంబరులో ఫుకెట్ వెళ్తున్నాం. ఆరు రోజులు, మధ్యలో ఒక రోజు ఫీఫీ దీవులు. అందరం శాకాహారులమే, గుడ్డు కూడా తినం. మా అత్తగారైతే ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. పూటపూటా ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోవాల్సిందేనా?

జవాబు:

అక్కర్లేదండి. వింతగా ఉంటుంది గానీ, మీ నలుగురిలో అక్కడ అందరికన్నా సులువుగా భోజనం దొరికేది మీ అత్తగారికే.

థాయిలాండ్‌లో ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్కలు తీసేసి వండేస్తారు. గుడ్డు మామూలు, చేపల సాస్ ఇంకా మామూలు. థాయ్‌లో దానికి సమానమైన మాట ‘మంగ్ సవిరత్’. అది అన్నా గుడ్డు, పాలు ఉండొచ్చు. మీకు కావలసిన మాట ‘జే’. చైనా మూలాలున్న బౌద్ధ, తావో ఆచారం అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి, ఆ జాతి ఆకుకూరలు కూడా నిషిద్ధం. అంటే మన ఇళ్లలో పూజ రోజు వంటకు పాలు, నెయ్యి తీసేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ‘కిన్ జే’ (జే తింటాం) అని రెండు ముక్కలు చెబితే చాలు, వంట చేసే ఆవిడకు మొత్తం అర్థమైపోతుంది. చివర ఆడవాళ్లు ‘ఖా’, మగవాళ్లు ‘ఖ్రప్’ చేర్చాలి. అది మన ‘అండి’ లాంటిది.

జే దుకాణానికి పసుపు జెండా కట్టి ఉంటుంది. దానిమీద ఎర్రటి థాయ్ అక్షరాలు రెండు, చూడ్డానికి 17 అంకెను కొంచెం వంకర తిప్పినట్టుంటాయి. ఆ ‘17’ని గుర్తుపెట్టుకోండి. సూపర్ మార్కెట్లో నూడుల్స్ పొట్లాల మీద, సోయా పాల సీసాల మీద, బిస్కెట్ల మీద కూడా అదే గుర్తు. మన పచ్చచుక్క అక్కడ ఉండదు కాబట్టి దాని బదులు ఇదే.

ఎక్కడ మోసపోతామంటే, ముక్కల్లో కాదు, సీసాల్లో. ‘నమ్ ప్లా’ అనేది నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. మనం ఉప్పు ఎక్కడ వేస్తామో వాళ్లు దాన్ని అక్కడ వేస్తారు. ‘నమ్ మన్ హోయ్’ అంటే ఆల్చిప్పల సాస్, కూరగాయల వేపుడంతా దానిమీదే నడుస్తుంది. ‘కపి’ అంటే మన కోతి కాదు, పులిసిన రొయ్యల ముద్ద. ఈ మూడోది అసలు ప్రమాదం. ఎర్ర కూర, పచ్చ కూర, మసమన్ కూర, ఏదైనా సరే, దాని ముద్దలోనే కపి నూరేసి ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడి ‘చేపల సాస్ వేయొద్దు’ అని ఎంత బతిమాలినా, కపి అప్పటికే డబ్బాలో ఉంది. అందుకే మామూలు హోటల్లో కొబ్బరిపాల కూరలు అడగనే వద్దు. జే దుకాణంలో అయితే ముద్ద వేరేగా చేస్తారు, అక్కడ నిశ్చింతగా తినొచ్చు.

పాడ్ థాయ్ అనే నూడుల్స్ గురించి అందరూ చెబుతారు. అందులో మూడు చిక్కులు: గుడ్డు, ఎండు రొయ్యలు, ముందే కలిపి పెట్టుకున్న చింతపండు సాస్. ఆ సాస్‌లో నమ్ ప్లా ఉంటుంది. గుడ్డు, రొయ్యలు ఆపగలరు గానీ సాస్ విడదీయలేరు. పచ్చి బొప్పాయి సలాడ్ (సోమ్ తమ్) రోట్లో అప్పటికప్పుడు దంచుతారు కాబట్టి చెప్పి చేయించుకోవచ్చు, కానీ ఆ రోలు పొద్దుట్నుంచీ కడగరు. మీ అత్తగారికి వద్దు, మిగతావాళ్లు మనసును బట్టి. తూటికూర వేపుడు (పాడ్ పాక్ బుంగ్) మన నాలుకకు దగ్గరగా ఉంటుంది. పులిసిన సోయా గింజలు, మిరపకాయలు, వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద ఒక్క నిమిషంలో దించేస్తారు. ఆల్చిప్పల సాస్ బదులు ‘సీ ఇవ్ ఖావ్’ (పలచటి సోయా సాస్) వేయమని అడగాలి. సూపులు మాత్రం ముట్టకండి. పైన తేలేది కూరగాయలే అయినా నీళ్లు ఎముకల రసం. పొద్దున హోటల్ బఫేలో గంజిలా ఊరించే ‘జోక్’ కూడా తరచూ అదే రసంతో వండుతారు.

మామూలు హోటల్లో తినాల్సి వస్తే ఈ మాటలు ఫోన్లో థాయ్ లిపిలోకి మార్చి, ఫొటోగా దాచుకుని చూపించండి. దీవిలో నెట్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

కిన్ జే. మై సై నమ్ ప్లా. మై సై నమ్ మన్ హోయ్. మై సై కపి. మై సై ఖాయ్.

‘మై సై’ అంటే వేయొద్దు. ‘ఖాయ్’ గుడ్డు, ‘కాయ్’ కోడి. మన నోట్లో ఈ ‘ఖ’, ‘క’ రెండూ ఒకటే అయిపోతాయి, పైగా థాయ్‌లో స్వరం ఎత్తు మారితే అర్థమే మారుతుంది. అందుకే నోటితో చెప్పడం కన్నా రాసి చూపించడం మేలు. చెప్పాక వంట మొదలయ్యేదాకా అక్కడే నిలబడి, ఆవిడ చెయ్యి ఏ సీసా మీదికి వెళ్తుందో చూడండి. అలవాటు కొద్దీ నమ్ ప్లా సీసా ఎత్తేస్తారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, మన వంటమనిషి పోపులో ఆవాలు వేసినంత అలవాటు.

ఇక చోట్లు. పటోంగ్ బీచ్ వైపు బస చేస్తే ఇండియన్ రెస్టారెంట్లకు కొదవ లేదు, బంగ్లా రోడ్ చుట్టుపక్కలే వరసగా ఉంటాయి. ధర మాత్రం బీచ్ ధర, ఒక్క పప్పు గిన్నెకే 150–250 బాత్‌లు అవుతుంది. పైగా అక్కడ గ్రేవీ అంతా ఉల్లి, వెల్లుల్లి ముద్దతోనే కాబట్టి మీ అత్తగారికి ఆ పప్పూ పనికిరాదు. ఫుకెట్ టౌన్ వేరే, పటోంగ్ నుంచి కొండ దాటి 15 కిలోమీటర్లు. అక్కడ రనోంగ్ రోడ్డులో, జుయ్ తుయ్ అనే చైనీయుల గుడి దగ్గర జే దుకాణాలున్నాయి. గాజు పెట్టె వెనక పది పన్నెండు ట్రేలు ఉంటాయి. అన్నం మీద రెండు రకాలు చూపించి వేయించుకుంటే 50 బాత్‌లకు అటూ ఇటూ. చిక్కేమిటంటే ఇవి పొద్దున్నే తెరిచి మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిపోతాయి. రాత్రి భోజనానికని వెళ్తే షట్టర్ చూసి రావాల్సిందే. పదకొండు గంటల లోపు వెళ్లండి. పాత ఊరు చూడ్డం కూడా ఆ పూటకే పెట్టుకుంటే ఒక్క ప్రయాణంలో రెండు పనులు.

అక్కడ ట్రేలో పంది మాంసం, చేప, బాతు ముక్కల్లా కనిపించేవి చూసి ఉలిక్కిపడొద్దు. గోధుమ జిగురు, సోయా, పుట్టగొడుగులతో అచ్చం అలా చేస్తారు. అవి నిజంగా శాకాహారమే, అయినా చూడగానే మీ అత్తగారికి అన్నం దిగకపోవచ్చు. తోఫు (థాయ్‌లో తావ్ హూ), బీన్స్, క్యాబేజీ, గుమ్మడికాయ ఉన్న ట్రేలు ముందే చూసుకుని ఆవిడ పళ్లెంలో అవే పెట్టించండి.

జే కోసమే వెళ్లాలనుకునేవాళ్లకు ఫుకెట్ శాకాహార ఉత్సవం ఉంది. చైనీయుల తొమ్మిదో చాంద్రమాసంలో మొదటి తొమ్మిది రోజులు. చాలా ఏళ్లు మన దసరా నవరాత్రులతో కలిసిపోతుంది, 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. వాళ్ల అధికమాసం మన లెక్కతో కలవని ఏడాది మాత్రం ఒక నెల తేడా వస్తుంది. 2025లో మన దసరా అక్టోబరు 2న అయిపోతే, అక్కడ ఉత్సవం ఆ నెల మూడో వారంలో గానీ మొదలు కాలేదు. కాబట్టి తేదీ చూసుకోకుండా దసరా సెలవులకని టికెట్లు కొనొద్దు. ఆ రోజుల్లో ఊరంతా పసుపు జెండాలే. కానీ చెంపల్లో శూలాలు గుచ్చుకునే ఊరేగింపులు, చెవులు చిల్లులు పడే టపాసులు ఉంటాయి. పెద్దవాళ్లతో అయితే డిసెంబరే నయం.

ఇప్పుడు సామాను. పెరుగు, నెయ్యి జే దుకాణంలో ఉండవు. సూపర్ మార్కెట్ పెరుగులో తీపి వేసినవే ఎక్కువ, సాదా కప్పు వెతికి తీసుకోవాలి. సాదా అన్నం (ఖావ్ ప్లావ్) మాత్రం ఏ బండి దగ్గరైనా 10–20 బాత్‌లకు దొరుకుతుంది. కాబట్టి బియ్యం మోయకండి. వెల్లుల్లి లేని కందిపొడి, కరివేపాకు పొడి చెరో 200 గ్రాములు, పులిహోర గుజ్జు 250 గ్రాములు, చిన్న సీసాలో నెయ్యి, ఇవి నలుగురికి ఆరు రోజులు చాలు. గుజ్జు, నెయ్యి, ఊరగాయ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్ల నిబంధన కింద తీయించేస్తారు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పళ్లు తీసుకెళ్లొద్దు. ఎండుకొబ్బరి చిప్పలు కూడా విమానం సామానులో ఒప్పుకోరు. తీపికి మాడుగుల హల్వాను మించింది లేదు. ఫ్రిజ్ అక్కర్లేదు, కారదు, నలగదు.

పొద్దుటి పూటకు ఉప్మా పొడి ఇంట్లోనే చేసుకోండి. అర కిలో బొంబాయి రవ్వను సన్న సెగ మీద 8–10 నిమిషాలు, రంగు మారకుండా వాసన వచ్చేదాకా వేయించి తీసేయండి. 6 టేబుల్ స్పూన్ల నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయాలి. కరివేపాకు నలిపితే పొడి అయ్యేంత కరకరలాడాలి. పచ్చిమిర్చి, అల్లం వద్దు, అల్లం బదులు అర స్పూను శొంఠి. తడి ఏ కొంచెం మిగిలినా మూడో రోజుకి ముక్కవాసన వస్తుంది. ఫుకెట్ గాలి మన బీచ్ రోడ్డు గాలిలాగే చెమ్మ. రవ్వ, రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి, పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరాక జిప్ కవర్లలో పూటకొకటిగా, 250 గ్రాముల చొప్పున కట్టండి. వేడిగా కడితే ఆవిరికి ఉండలు కడుతుంది.

గదిలో కెటిల్ నీళ్లు మరిగించి, మూతున్న స్టీలు డబ్బాలో ఒక కప్పు పొడికి రెండు కప్పుల నీళ్లు పోయండి. తిప్పి, మూతపెట్టి, తువ్వాలు చుట్టి 10 నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకసారి కలపాలి. తువ్వాలు చుట్టకపోతే వేడి పోయి నడిమధ్య రవ్వ పచ్చిగా మిగిలిపోతుంది. ఒక డబ్బాకు రెండు కప్పులకు మించి పొడి పోయొద్దు. రవ్వను కెటిల్లోనే ఉడికించే తెలివి అసలొద్దు. అడుగంటి కెటిల్ ఆగిపోతుంది, హోటల్‌వాళ్లు డబ్బు వసూలు చేస్తారు. మన గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గులు అక్కడ పడతాయి, మూడు పిన్నులవి పట్టవు, అడాప్టర్ ఉండాలి.

చిరుతిళ్లలో మామిడిపండు, జిగురు అన్నం (మ్యాంగో స్టికీ రైస్) భయం లేకుండా తినొచ్చు. కొబ్బరిపాలు, పంచదార, ఉప్పు, పైన వేయించిన పెసరపప్పు, అంతే. అరటిపండు రోటీ బండి దగ్గర గుడ్డు వద్దన్నా, పిండిలోనే గుడ్డు కలిపేవాళ్లున్నారు. అడిగి తినండి. కోసిన పళ్ల పొట్లంలో ఇచ్చే ఉప్పు-కారం-పంచదార పొడితో ఏ గొడవా లేదు. కానీ పచ్చిమామిడి ముక్కలతో గోధుమరంగు పాకం ఇస్తే వద్దనండి. దాని పేరు నమ్ ప్లా వాన్, చేపల సాస్‌లో బెల్లం కాచి ఎండు రొయ్యలు వేస్తారు. చూడ్డానికి అచ్చం మన బెల్లం పాకమే.

ఫీఫీ రోజుకి మాత్రం ముందురోజే జాగ్రత్త పడాలి. స్పీడ్ బోటు టూర్లలో మధ్యాహ్నం బఫే కలిపే ఉంటుంది. బుకింగ్ దగ్గర ‘జే’ అని రాయించుకుని, ముందురోజు సాయంత్రం ఇంకోసారి ఫోన్ చేయించండి. ఎంత చెప్పినా చివరికి సాదా అన్నం, పుచ్చకాయ ముక్కలు మాత్రమే మిగిలే అవకాశం ఉంది కాబట్టి కందిపొడి, చిన్న నెయ్యి డబ్బా చేతి సంచిలో ఉండాలి. ఆ దీవులు జాతీయ ఉద్యానవనంలోవి. థర్మాకోల్ పెట్టెలు, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, స్టీలు డబ్బా అయితే ఎవరూ ఏమీ అనరు. బోటు ఎక్కేముందు కడుపునిండా పులిహోర తినొద్దు. అలల మీద అది ఎక్కువసేపు లోపల ఉండదు. రెండు ఇడ్లీలంత ఉప్మా చాలు, మిగతాది దిగాక.