బుజ్జికి, స్లాబు పోసేలోపు

బుజ్జీ,

రేవు దగ్గర కట్టే మరుగుదొడ్ల ప్లాను నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 2027 గోదావరి పుష్కరాలకి తయారవ్వాలిట. అందులో ఒక గది మాత్రం మంచాన పడ్డ పెద్దవాళ్లకీ, మెడ నిలవని పిల్లలకీ పనికొచ్చేలా ఉండాలని నువ్వే పట్టుబట్టావుట. నా మేనకోడలివి అనిపించావే. ఆ రాత్రి నాకు నిద్ర మాత్రం పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవాటికి ఒక్క ముక్క చాలు: గడప 12 మిల్లీమీటర్లు మించొద్దు, టైలు జారొద్దు, తలుపు లోపలికి తెరుచుకోవద్దు. పక్కకి జరిపే తలుపైతే పైనుంచి వేలాడేది పెట్టు. కింద గాడి ఉంటే రేవు ఇసక రెండు రోజుల్లో దాన్ని పట్టేస్తుంది.

ర్యాంపు దగ్గర జాగ్రత్త. వరదకి భయపడి పునాది 900 మిల్లీమీటర్లు లేపమంటారు, లేపాల్సిందే. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు, అంటే 1:12 లెక్కన ర్యాంపు 10.8 మీటర్లు వస్తుంది, మధ్యలో మీటరున్నర చదును అదనం. స్థలం చాల్లేదని చివర్లో దాన్ని ఆరు మీటర్లకి కుదించేస్తారు. ఆ వాలు మీద అరవై కిలోల మనిషిని కుర్చీలో తోసుకెళ్లే తల్లి కాలు జారితే ఇద్దరూ వెనక్కొస్తారు. ర్యాంపు ముందు గియ్యి. మిగిలిన చోట్లో గది గియ్యి.

ఇక మా తరం చేసిన తప్పు సంగతి. ఇది తీరిగ్గా చదువు.

'వికలాంగుల టాయిలెట్' అనగానే కుర్చీ తిరగడానికి మీటరున్నర వలయం గీసేవాళ్లం. కమోడ్‌ని మూలకి నెట్టి, గోడకి రెండు పైపులు బిగించి, తలుపు మీద బొమ్మేసేవాళ్లం. గది 2.2 మీటర్లకి 2 మీటర్లు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. చేతుల్లో బలం ఉండి, పైపు పట్టుకుని కుర్చీలోంచి కమోడ్ మీదికి జరగగలిగినవాడికి అది బాగానే ఉంటుంది.

సెరిబ్రల్ పాల్సీతో, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో లేని పదహారేళ్ల కుర్రాణ్ణి ఆ గదిలోకి తీసుకెళ్లి చూడు. వాడు పైపు పట్టుకోలేడు, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతాడు. డైపరు మార్చాలంటే పడుకోబెట్టాలి. ఎక్కడ? చంటిపిల్లలకి డైపరు మార్చే పలక వాడి నడుం దాకా కూడా రాదు. వాళ్లమ్మ తువ్వాలు తడి నేల మీదే పరుస్తుంది. చంకల కింద చేతులేసి కిందికి దింపడం ఎలాగో అయిపోతుంది. తిరిగి లేపేటప్పుడు ఆవిడ నడుం పట్టేస్తుంది. తండ్రి సాయానికి వద్దామన్నా కమోడ్ మూలనుంది, రెండో పక్క గోడ. పిల్లాడి కాళ్లు తలుపుకి తగులుతుంటాయి గనక తలుపు సగం తెరిచే ఉంచాలి. బయట జనం. ఇలాంటి ఇళ్లల్లో ప్రయాణమంటే ముందు రాత్రి నుంచే పిల్లాడికి మంచినీళ్లు తగ్గించేస్తారే, తల్లీ. చక్రాల కుర్చీని కొలిచాం గానీ, పడుకున్న మనిషినీ వాడి మీద వంగే ఇద్దర్నీ ఎప్పుడూ కొలవలేదు. ఆ నకళ్లు ఇంకా ఆఫీసుల్లో తిరుగుతున్నాయి, నీ టేబుల్ మీదికీ వస్తాయి. అందులోంచి ఒక్క గీత తియ్యకు.

బ్రిటన్‌లో 2006లో 'చేంజింగ్ ప్లేసెస్' పేరుతో ఇలాంటివాళ్లని పడుకోబెట్టి మార్చే గదుల కోసం పని మొదలెట్టారు. వాళ్ల గది 3 మీటర్లకి 4, అంటే 12 చదరపు మీటర్లు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి కొన్ని రకాల పెద్ద కొత్త భవనాల్లో అది తప్పనిసరి. నువ్వూ ఆ కొలతే పట్టుకో. కమోడ్ గోడ మధ్యలో ఉండాలి, అటూ ఇటూ మనిషి నిలబడేటంత చోటుండాలి, మడిచే పట్టుకమ్మీలు రెండు. మంచం పొడవు 1800 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. కుర్చీ సీటు ఎత్తుకి దిగాలి, సాయం చేసేవాళ్ల నడుం ఎత్తుకి లేవాలి. మధ్యలో ఒక తెర, సాయం వచ్చినవాళ్లు అటు తిరిగి నిలబడటానికి.

ఒక్క దాంట్లో మాత్రం వాళ్లని చూసి కాపీ కొట్టకు. వాళ్లది కాగితం, తడిగుడ్డలు. మనకి నీళ్లు పడితే గానీ శుభ్రమైనట్టుండదు. ఎత్తైన అంచులూ, నీళ్లు పోయే గొట్టమూ ఉన్న మంచం తీసుకో. కమోడ్ దగ్గరొకటి, మంచం దగ్గరొకటి చేతి షవర్లు. నేల వాలు మంచం వైపుకి ఉండాలి, కుర్చీ దారిలో జాలీ రాకూడదు. మంచానికి ఎదురుగా పైన లైటు పెట్టకు. పడుకున్నవాడు చూసేది దాన్నే, మొహం తిప్పుకోలేడు కూడా. పక్క గోడకి పెట్టు.

నాకు నిద్ర పట్టనివ్వనిది హాయిస్టు, మనిషిని జోలెలో ఎత్తి కుర్చీలోంచి మంచం మీదికి చేర్చే యంత్రం. జోలెలో మనిషి గాల్లో వేలాడుతుండగా కరెంటు పోవడం. గాలీవానా వస్తే మన లంకల్లో ఎన్నాళ్లు చీకట్లో ఉంటామో నీకు చెప్పాలా? బ్యాటరీతో నడిచేదే కొను, చేత్తో దింపే ఏర్పాటు ఉందా అని అడుగు. అడిగి ఊరుకోకు. మెయిను కట్టేసి, ఇసక బస్తాలు ఎక్కించి, నీ ఎదురుగా దింపించు. అది కప్పుకి బిగించిన పట్టాల మీద నడుస్తుంది. ఒకే పట్టా అయితే ఒక గీత మీదే పోతుంది. గదంతా తిరగాలంటే రెండు పట్టాలూ, వాటి మీద జరిగే అడ్డపట్టా కావాలి. 200 కిలోల బరువు స్లాబు మోయాలి, రేకుల షెడ్డు మోయదు. తాత్కాలిక షెడ్డే ఇస్తే నాలుగు కాళ్ల మీద నిలబడే ఫ్రేము అడుగు. అంతర్వేది వైపైతే ఉప్పుగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా మచ్చలేస్తుంది, ప్లానులో 316 రకమని రాయి.

సెప్టిక్ ట్యాంకు ఖాళీగా వదిలితే వరదలో భూమిలోంచి పైకి తేలిపోతుంది. బరువు కట్టు, మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులంటే మూడో ప్రమాద హెచ్చరిక, నీ రేవు మట్టం దాంతో పోల్చి చూసుకో.

కట్టాక బ్లీచింగ్ బస్తాలూ చీపుళ్లూ ఆ గదిలోనే పెట్టి తాళమేస్తారు. ఊడ్చేవాళ్ల సామానుకి పక్కనే చిన్న కొట్టు గియ్యి, అప్పుడు తిట్టినా అర్థముంటుంది. సాయం కోసం లాగే ఎర్రతాడు కాళ్లకి తగులుతోందని పైకి ముడేస్తారు. నేల మీద పడ్డవాడి చేతికి అందడానికే కదా అది, నేలకి 100 మిల్లీమీటర్ల పైదాకా వేలాడాలి. వెళ్లినప్పుడల్లా ముడి విప్పు.

పెద్ద ప్లాను ఫోన్లో ఫొటో తీసి పంపకు, నా కళ్లకి అంకెలు కనపడవు. ప్రింటు కొరియర్ చెయ్యి. పట్టాలకి బోల్టులు ఎక్కడొస్తాయో గుర్తు పెట్టకుండా స్లాబు పొయ్యనివ్వకు. పోసే ముందు రోజు ఫోన్ చెయ్యి, నేనే వస్తాను. అమ్మని పులస కోసం హడావిడి పడొద్దను, పప్పుచారు చాలు.

మీ మావయ్య