గిన్నె అడుగు తాకి చూడు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ శని, ఆదివారాలు నువ్వూ అబ్బాయీ ఊళ్లోనే ఉండి, ఇన్నాళ్లూ బయటినుంచే చూస్తూ దాటిపోయిన హోటళ్లలో తిని చూడాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత సంతోషించానో! ఇద్దరివీ వేరువేరు షిఫ్టులు. ఒకరు తినే వేళకు మరొకరు నిద్రలో ఉంటారు. అలాంటిది కలిసి రెండు రోజులు మిగుల్చుకున్నారంటే, మా పిల్లకు కాపురం తెలుసు అని గర్వంగా అనిపించింది. కానీ మీ అమ్మ చివర్లో "ఎనిమిది చోట్లు రాసి పెట్టుకున్నారట" అంది. ఆ మాటతో రాత్రంతా నిద్ర లేదు.

వెళ్లేముందు ఫోను చేసి తెరిచి ఉంటారో లేదో కనుక్కో. జనం ముంచుకొచ్చే వేళకు అరగంట ముందే చేరుకోండి. ఈ మాత్రం నీకు తెలియనిది కాదు.

నీకు తెలియనిది ఒకటుంది. మా పెళ్లయిన తొలి ఏడాది మేమూ ఇలాగే రెండు రోజులు బయలుదేరాం. చిన్న నోటుపుస్తకంలో ఆరు చోట్లు రాసుకున్నది నేనే. మొదటి రోజు సాయంత్రానికి మూడు పూర్తయ్యాయి. నాలుగో దాని గుమ్మం దగ్గర మీ పెదనాన్న ఆగి, "ఆకలి లేదే, కాసేపు ఎక్కడైనా కూర్చుందాం" అన్నారు. నేను మొహం ముడుచుకున్నాను. ఆయన ఇంకేమీ అనకుండా లోపలికి నడిచారు.

తెచ్చిపెట్టిన గిన్నె అడుగు నా చేతికి చల్లగా తగిలింది. అది ఇప్పటికీ గుర్తుంది. పైన మాత్రం కాస్త గోరువెచ్చగా ఉంది. ఆయన ఒక ముద్ద తిని, మిగతాది పళ్లెం అంచుకు నెట్టారు. నా వైపు చూశారు. మళ్లీ దగ్గరకు లాక్కుని అంతా తినేశారు. నాకోసమే తిన్నారు తల్లీ.

అర్ధరాత్రి మొదలయ్యాయి వాంతులు, విరేచనాలు. కొత్త ఊరు, లాడ్జి గది. ఏం తాగినా వాంతి అవుతుందేమోనని భయపడి నేను గుక్కెడు నీళ్లు కూడా పట్టలేదు. తెల్లవారేసరికి ఆయన నాలుక ఎండిపోయి మాట రాలేదు. సెలైన్ ఎక్కిస్తూ డాక్టరు నాకు చెప్పిన మాటలు ఈనాటికీ మరిచిపోలేదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయట. కొన్నిటి విషం మళ్లీ వేడి చేసినా పోదట. అందుకే చెబుతున్నాను, వేడిగా తినాల్సింది పొగలు కక్కుతూ రాకపోతే వెనక్కి పంపించు. ఇందులో మొహమాటానికి చోటు లేదు. డబ్బు ఇచ్చేశాం కదా అని తినడం అసలే వద్దు.

ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఉంచుకో. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు వేసి కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. ఆ రాత్రి నాకు ఇది తెలిసి ఉంటే!

ఎనిమిది చోట్లలో నాలుగు కొట్టేయి. రోజుకు రెండు చాలు. ఒకటే తెప్పించుకుని పంచుకోండి. కడుపు నిండిన సంగతి మనకు తెలియడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు కాబట్టి రెండోది అడిగేముందు కబుర్లు చెప్పుకోండి. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ఫోన్లు పక్క గదిలో పడేసి నిద్రపోండి. అలసిపోయి నలిగిన మనిషికి ఏ రుచీ తెలియదు, పక్కనున్న మనిషి మీద విసుగు మాత్రం తెలుస్తుంది. నా నోటుపుస్తకంలో విశ్రాంతికి ఒక గీత కూడా లేదు.

అబ్బాయికి ఏవి పడవో నీకు తెలుసా? తెలియకపోతే శుక్రవారం రాత్రే అడుగు. అక్కడికి వెళ్లాక "నీ ఇష్టం" అంటే గుడ్డిగా నమ్మేయకు, మొహం చూడు. నిన్ను కోప్పడుతున్నానని అనుకోకు బంగారం, ఆ వయసులో నన్ను నేను కోప్పడలేకపోయాను.

మీ పెదనాన్న ఇప్పటికీ కంచం ముందు కూర్చోగానే ముందు నా మొహం చూస్తారు. నేను గిన్నె తాకి, వేడిగా ఉందంటేనే వడ్డిస్తాను. ఆదివారం రాత్రి ఫోను చేయవద్దు, హాయిగా పడుకోండి. సోమవారం తీరిక చూసుకుని చెయ్యి. ఏ చోటు బాగుందో ఆయనకూ వినాలని ఉందట.

నీ పెద్దమ్మ