సరుకు ఎక్కడ ఆగిపోతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్. 16 మంది కుట్టేవాళ్లు, రోజుకు 240 ప్యాంట్లు. వాషింగ్ సంగతి పక్కన పెట్టినా, కటింగ్ అయిన పీసు ప్యాకింగ్‌కు చేరడానికి 9 రోజులు పడుతోంది. పార్టీలు తొందర పెడుతున్నారు. ఇంకో నాలుగు మిషన్లు వేస్తే సరిపోతుందంటున్నాడు మా సూపర్‌వైజర్. వేయమంటారా? ఒక ప్యాంటుకు మొత్తం కుట్టు పని 22 నిమిషాలు.

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మీ ఫ్లోరు మీద ఎన్ని పీసులు సగం పనిలో పడి ఉన్నాయో లెక్కేయండి. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది: మధ్యలో ఉన్న సరుకు = రోజుకు బయటికొచ్చేది × పట్టే రోజులు. అంటే 240 × 9 = 2,160 పీసులు. గుడ్డ, జిప్పు, దారం కలిపి పీసుకు 250 రూపాయలు అనుకున్నా 5 లక్షల 40 వేలు మూటల్లో కూర్చుంది. ఆ 9 రోజుల్లో పని సమయం, షిఫ్టుకు 450 నిమిషాల చొప్పున, 4,050 నిమిషాలు. అందులో సూది కింద ఉండేది 22 నిమిషాలే, మిగతాదంతా వంతు కోసం ఎదురుచూపు. మిషన్లు పెంచితే ఈ ఎదురుచూపు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

ఇక మనుషుల లెక్క. భోజనం, టీ తీసేస్తే షిఫ్టులో 450 నిమిషాలు, అంటే 27,000 సెకన్లు. 240 ప్యాంట్లు కావాలంటే ప్రతి 112 సెకన్లకు ఒకటి దిగాలి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. 240 ప్యాంట్లకు 5,280 నిమిషాల పని. ఒక్కొక్కరు 450 నిమిషాలు చేస్తే 12 మంది చాలు. మీ దగ్గర 16 మంది ఉన్నారు. అలాగని నలుగుర్ని పంపించేయకండి. ఆ నలుగురి సమయం ఎక్కడ పోతోందో వెతకండి.

వెతకడానికి ఒక వాచీ, ఒక నోటు పుస్తకం చాలు. ఒక్కో పని దగ్గర వరసగా 10 పీసులు చూసి టైమ్ రాయండి. ఎక్కువసార్లు వచ్చిన అంకె తీసుకోండి, సగటు వద్దు. దారం తెగిన పీసు సగటును పాడు చేస్తుంది. బెల్టు (నడుం పట్టీ) ఎక్కించడానికి మీకు ఒకే మిషను ఉండి, అది పీసుకు 110 సెకన్లు తీసుకుంటోందనుకోండి. 27,000ను 110తో భాగిస్తే 245. మీ ఫ్యాక్టరీ సామర్థ్యం అంతే. జేబుల దగ్గరో ఓవర్‌లాక్ దగ్గరో నాలుగు మిషన్లు కొంటే బెల్టు మిషను ముందు గుట్ట ఇంకా పెద్దదవుతుంది. ఏ మిషను ముందు మూటలు ఎప్పుడూ పేరుకుంటాయో, దాని తర్వాతి మనిషి తరచూ ఖాళీగా కూర్చుంటాడో, అదే ఇరుకు.

ఆ ఒక్క మిషను నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదు. బాబిన్లు ముందే చుట్టి పక్కన పెట్టండి. బెల్టు పట్టీ మడత, ఇస్త్రీ పక్క మనిషికి అప్పగించండి. భోజనం వేళ అరగంట ఇంకొకర్ని కూర్చోబెడితే అదనంగా 16 పీసులు వస్తాయి, పైసా ఖర్చు లేకుండా. తప్పు పీసు అక్కడికి చేరకుండా చెకింగ్‌ను దానికి ముందుకు తెండి. చెడిపోయిన ప్యాంటుకు బెల్టు వేయడమంటే మీ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఖరీదైన 110 సెకన్లు పారేయడమే.

తర్వాత మూట తగ్గించండి. 60 పీసుల మూట ఉంటే ముందు 20కి, నెల తర్వాత 10కి. ఏ రెండు పనుల మధ్యనైనా రెండు మూటలే ఉండాలి. ర్యాకులో రెండు గళ్లే గీయండి. గళ్లు నిండితే వెనక మనిషి కుట్టడం ఆపి, ముందున్న ఇరుకుకు సాయం పోవాలి. కుట్టగలిగే మనిషి చేత కుట్టు ఆపించడం మొదటి వారం ఎవరికీ మనసొప్పదు. ఎక్కువ యూనిట్లు ఇక్కడే వెనక్కి పోతాయి. సగం పనిలో ఉన్న పీసులు 600కు దిగితే పట్టే టైమ్ రెండున్నర రోజులు. ఇంకో లాభం: దారం టెన్షన్ తప్పి కుట్టు ఊడుతుంటే ఇప్పుడు చివరి చెకింగ్‌లో తెలుస్తుంది, అప్పటికి వందల పీసులు ఆల్టర్‌కు, అంటే విప్పి మళ్లీ కుట్టడానికి, పోతాయి. చిన్న మూటతో గంటలోనే బయటపడుతుంది.

రెండు చోట్ల జాగ్రత్త. డెనిమ్‌లో థాను థానుకూ షేడ్ మారుతుంది. మూటలు చిన్నవైతే ముందు కాలు ఒక షేడు, వెనక కాలు ఒక షేడు కలిసే ప్రమాదం ఎక్కువ. కటింగ్ నంబరు, పొర నంబరు ఉన్న స్టిక్కర్ ప్రతి ముక్కకూ ఉండాల్సిందే, వాషింగ్ తర్వాత బయటపడితే చేసేదేమీ ఉండదు. రెండోది పీసు రేటు. మూట మార్చినప్పుడల్లా కుట్టేవాళ్లకు కొంత టైమ్ పోతుంది, పక్కవాళ్లకు సాయం పోతే సొంత లెక్క తగ్గుతుంది. అందుకని మొదటి రెండు నెలలు వాళ్ల పాత సగటు కూలి తగ్గదని ముందే చెప్పండి, ఆ తర్వాత లైను మొత్తానికి కలిపి రేటు కట్టండి. కూలి సంగతి తేల్చకుండా మూట తగ్గిస్తే వారంలో పాత మూటలే తిరిగొస్తాయి, తప్పు వాళ్లది కాదు.

ప్రశ్న: తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ మాది. రెండడుగుల సైజు నుంచి అడుగు సైజుకు కోత మిషను మార్చాలంటే గంటన్నర పోతోంది. అందుకే ఒకే సైజు మూడు రోజులు కోసేస్తాం. యార్డు నిండా అడగని సైజులే.

జవాబు: యార్డు నిండటానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది, ఆ గంటన్నర. ముందు దాన్ని విరగ్గొట్టండి.

ఒక మార్పును మొదటి నుంచి చివరి దాకా సెల్‌ఫోన్లో వీడియో తీయండి. పని చేసేవాళ్లతోనే కూర్చుని చూడండి. ప్రతి పనినీ రెండుగా విడదీయండి: మిషను ఆపితేనే చేయగలిగేవి, తిరుగుతుండగానే చేసిపెట్టుకోగలిగేవి. స్పానర్ వెతకడం, తర్వాతి బండలు తోలుకురావడం, బ్లేడు సరిచూసి పెట్టుకోవడం రెండో రకం. ఈ ఒక్క విభజనతోనే గంటన్నరలో మంచి భాగం పోతుంది.

మిగిలిన దాంట్లో ఎక్కువ టైమ్ తినేది సాధారణంగా కొలత సర్దుబాటే. గైడు జరుపు, ఒక బండ కోయి, టేపు పెట్టు, మళ్లీ జరుపు, ఇలా రెండు మూడు బండలు పోతాయి. మీరు అమ్మే సైజులు నాలుగైదే కదా. ఒక్కో సైజుకు ఒక్కో ఇనుప స్టాపర్ దిమ్మ చేయించి, బెడ్డు మీద పిన్ను రంధ్రాలు వేయించండి. దిమ్మ పెట్టు, పిన్ను దించు, గైడు ఆనించు. టేపుతో పనే లేదు. అయితే బ్లేడు మందం మారినప్పుడల్లా దిమ్మలు సరిచూడాలి.

బోల్టుల సంగతి కూడా చూడండి. నట్టును పది చుట్లు తిప్పినా పట్టు వచ్చేది చివరి చుట్టులోనే. నట్టు పూర్తిగా ఊడదీయకుండా వదులు చేసి జారించేలా యు ఆకారపు వాషర్ వాడండి. ఈ పద్ధతికి రూపం ఇచ్చిన జపాన్ ఇంజనీరు షిగియో షింగో 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ మీద నాలుగు గంటల మార్పును ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు దించాడు. మీకు అంత అక్కర్లేదు, అరగంట చాలు. తొందరలో బ్లేడు గార్డు తీసి వదిలేయడం, మెయిన్ స్విచ్ ఆపకుండా చెయ్యి పెట్టడం మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు.

అరగంటకు దిగాక మిగిలిన గంటలో అదే సైజు ఇంకా కోసుకుందాం అనిపిస్తుంది. అలా చేస్తే యార్డు ఇంకా నిండుతుంది. మూడు రోజులకోసారి మార్పు కింద ఖర్చు పెట్టే గంటన్నర అలాగే ఉంచి, ఆ మూడు రోజుల్లో ఒక మార్పుకు బదులు మూడు మార్పులు చేయండి. ఇంకొక్క మాట: పాలిష్‌కు పోయే ముందు బండల్ని మందం ప్రకారం విడగొట్టి పేర్చండి. అన్నీ కలిపి పెడితే బండ బండకూ పాలిష్ మిషను హెడ్డు ఎత్తు సర్దడమే పని అవుతుంది.

ప్రశ్న: ఆదోని దగ్గర ట్రాక్టర్ పరికరాల వర్క్‌షాపు మాది. శనక్కాయ విత్తే కొత్త గొర్రు చేస్తున్నాం. వానాకాలం వస్తేనే పరీక్ష, తప్పొస్తే మళ్లీ ఏడాది. త్వరగా చేసే దారి ఉందా?

జవాబు: మొత్తం గొర్రు తయారయ్యాక పరీక్షించడం వల్లే ఏడాది పోతోంది. రైతు తిట్టేది ఫ్రేమును కాదు, గింజ పడే తీరును. దాన్ని పొలంతో, వానతో పని లేకుండా షెడ్డులోనే తేల్చొచ్చు.

గింజల పెట్టె, రంధ్రాల్లోంచి గింజలు వదిలే ప్లేటు, చక్రం, గింజ జారే గొట్టాలు, ఇవి మాత్రమే స్టాండు మీద బిగించండి. చక్రం వ్యాసం 40 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు 1.26 మీటర్లు, 20 చుట్లకు 25 మీటర్లు. మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు కావాలంటే ఒక్కో గొట్టం కింద దాదాపు 250 గింజలు పడాలి. లెక్కపెట్టండి. పడిన గింజల్లో పొట్టు ఊడినవి, బద్దలు విడినవి వేరుగా ఎంచండి, అవి సరిగా మొలవవు. ఎడం తెలుసుకోవాలంటే గ్రీజు పూసిన పొడవాటి బెల్టును గొట్టం కింద లాగండి. గింజ పడ్డచోటే అంటుకుంటుంది, స్కేలు పెట్టి కొలవొచ్చు. నేల మీద చక్రం కొంత జారుతుంది కాబట్టి పొలంలో గింజలు స్టాండు మీదకన్నా తగ్గుతాయి, ఆ తేడాకు చోటు ఉంచుకోండి.

ప్లేటు ఒక్కటే చేసి దాన్నే దిద్దుతూ కూర్చోకండి. రంధ్రం కొలతలు మార్చి నాలుగు ప్లేట్లు ఒకేసారి చవగ్గా చేయించండి. పెద్ద గింజ పొడవుకన్నా పదో వంతు ఎక్కువ ఉన్న రంధ్రంతో మొదలుపెట్టండి. చిన్నదైతే గింజ ఇరుక్కుని చితుకుతుంది, పెద్దదైతే రెండేసి పడతాయి. కదిరి-6, కదిరి లేపాక్షి, ఇంకా మీ రైతులు వేసే రకాలన్నీ తెచ్చి పోయండి. నాలుగింట్లో ఏది నిలిచిందో, మిగతావి ఎందుకు పోయాయో ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి. తర్వాతి మోడల్‌కు అదే పెట్టుబడి.

ఫ్రేము, ట్రాక్టరుకు తగిలించే మూడు పాయింట్ల లింకు ముందే ఖాయం చేసుకోవచ్చు. ప్లేటు, గొట్టం వంపు చివరిదాకా మార్చుకునేలా బోల్టులతోనే ఉంచండి, వెల్డింగ్ వేయొద్దు. పొలం పరీక్షకు జూన్ దాకా ఆగక్కర్లేదు. బోర్ల కింద నవంబరు, డిసెంబరులో వేసే శనక్కాయ ఉంది కదా. కాకపోతే నీటి కింద సాళ్ల ఎడం 22.5 సెంటీమీటర్లు, వర్షాధారంలో 30. అందుకే ఎడం జరుపుకునేలా గొర్రు పళ్లను క్లాంపులతో బిగించండి. మొదట ఐదు గొర్రులే చేసి, ఎర్ర నేలకు మూడు, నల్ల రేగడికి రెండు ఇవ్వండి. తడి రేగడి గొట్టం మూతిని మూసేయడం షెడ్డులో కనబడదు, ఆ రెండే చెబుతాయి.

ప్రశ్న: కడప దగ్గర కొప్పర్తిలో చిన్న యూనిట్. లీన్ అంటే పెనుకొండ కియా లాంటి పెద్ద ఫ్యాక్టరీలకు కదా, కన్సల్టెంటు ఖర్చు మేం భరించగలమా?

జవాబు: లీన్ అంటే పై జవాబుల్లో చెప్పిందే: ఎదురుచూపు, పేరుకున్న సరుకు, వృథా తగ్గించడం. టొయోటా ఈ పద్ధతి వెతుక్కున్నది డబ్బు లేకే. 1950లో ఆ కంపెనీ దివాలా అంచుకు వెళ్లింది, సమ్మె జరిగింది. ఖర్చు విషయానికొస్తే కేంద్ర ఎమ్మెస్సెమ్మీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ 2023 మార్చిలో లీన్ పథకం తెచ్చింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం కేంద్రం ఇస్తుంది, మహిళలు, ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు ఇంకో 5 శాతం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు, ఉండాలి. కన్సల్టెంటు వచ్చేలోపు మీ నెల రోజుల ఆల్టర్లు, ఆగిన గంటలు, మధ్యలో ఉన్న సరుకు రాసి ఉంచండి. ఆ అంకెలు లేకపోతే ఆయన నేల మీద పసుపు రంగు గీతలు, గోడలకు బోర్డులు పెట్టించి వెళ్లిపోతాడు.