ఆ ఒక్క లైన్ రాయించుకోండి, మొహమాటం వద్దు

"లోన్ రాకపోతే బయానా (అడ్వాన్సు) వాపస్ ఇవ్వాలి అని అగ్రిమెంట్‌లో రాయమంటే అమ్మేవాళ్లు ఒప్పుకుంటారా?" అని అడిగారు. ఒప్పుకుంటారు. మొహం మాడ్చుకుంటారు, అది వేరే సంగతి.

2024లో హన్మకొండలో గోపాల్‌పూర్ వైపు ఒక పాత ఇల్లు చూశాం. నయీంనగర్ నాలా పక్కది చవకగా వస్తున్నా వద్దనుకున్నాం. 2023 జూలై వానలకు అక్కడ ఏమైందో కళ్లారా చూసినవాళ్లం. (ఇల్లు ఎండాకాలంలో చూసి మురిసిపోకండి, గట్టి వాన పడ్డాక ఒకసారి పోయి చూడండి.) ధర 48 లక్షలు, బయానా 2 లక్షలు.

అగ్రిమెంట్ రోజు ఇల్లు అమ్మే ఆయన వాళ్ల ముందు గదిలో కూర్చున్నాం. వంద రూపాయల బాండ్ పేపర్ మీద అంతా ముందే టైపు చేసి తెచ్చారు. మూడు నెలల్లో మేం డబ్బు కట్టకపోతే బయానా పోయినట్టేనట. ఆయన కాగితాల్లో తేడా ఉంటే ఏంటన్నది మాత్రం ఎక్కడా లేదు. అడిగాను. బ్రోకర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "అన్నీ రాసుకుంటే ఇగ నమ్మకం ఏముంటది మేడం?" అన్నాడు. మా ఆయన కిందినుంచి నా కాలు తొక్కుతున్నాడు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం నోరెత్తకుండా కడతాం, ఒక్క లైన్ రాయమనడానికి మాత్రం మనకు సిగ్గు.

"అన్నా, నీ మీద నమ్మకం లేక కాదు, బ్యాంకోళ్ల మీద లేదు" అన్నాను. ఇల్లు అమ్మే ఆయన నవ్వి, "సరే చెల్లె, రాయి" అన్నాడు. పెన్నుతో పక్కన రాయించాను: కాగితాల లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే 15 రోజుల్లో బయానా మొత్తం వాపస్. దాని పక్కన ఇద్దరి సంతకాలు. మన జీతం చాలకో, సిబిల్ స్కోరు (పాత అప్పులు సరిగ్గా కట్టామా లేదా అని చూపే మార్కు) బాగాలేకో లోన్ రాకపోతే మాత్రం ఎవరూ వాపస్ ఇవ్వరు, అడగడం కూడా న్యాయం కాదు.

ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీస్తే అద్దంలా ఉంది. ఇంటి పన్ను రసీదు ఆయన పేరు మీదే. కానీ బ్యాంకు వకీలు దస్తావేజు చూసి, ఇది చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, వారసులు ఎందరు అని అడిగాడు. ఇద్దరు చెల్లెళ్లు! రిజిస్టర్ అయిన లావాదేవీలే ఈసీలో కనబడతాయి, ఆడబిడ్డల వాటా కనబడదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత సంపాదనతో కట్టిన ఇంట్లోనైనా కూతుళ్లకు కొడుకుతో సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. మన దగ్గర మాత్రం కట్నం ఇచ్చాం కదా అని లెక్క తేల్చేస్తారు. పాత ఇళ్లలో చాలావాటికి ఈ లొల్లే, నన్నడిగితే.

జమ్మికుంటలో ఉండే చిన్న చెల్లె సంతకం పెట్టనంది. లోన్ ఆగిపోయింది. 15 రోజులన్న బయానా మూడు విడతలుగా నాలుగు నెలలకు చేతికొచ్చింది. ఆ లైన్ లేకపోతే అదీ వచ్చేది కాదు. చివరి 20 వేలు ఆయన భార్య తెచ్చి ఇచ్చి, "నా ఆడబిడ్డ అడిగిన దాంట్లో తప్పేం లేదక్కా" అని మెల్లగా చెప్పి పోయింది.

బ్రోకర్ మాత్రం తిరిగినందుకు సగం కమీషన్ కావాలని కూర్చున్నాడు. మా ఆయన ఇచ్చాడు కూడా, నాకు చెప్పకుండా.