గల్లాలో రెండు ఇరవైలు

ప్రశ్న: నా వయసు 44. ఒహైయోలో చిన్న ఊళ్ళో ఉంటాం. రోడ్డు పక్క షాపింగ్ సెంటర్లో మాకో డిస్కౌంట్ షాపు, దాని పక్కనే చిన్న హోటలు ఉన్నాయి. హోటలు ఆలోచన మా తమ్ముడిది. అదే వరసలో చివరనున్న పెద్ద డిస్కౌంట్ స్టోరు నిరుడు మూతపడ్డాక మాకు జనం సగానికి తగ్గారు. మార్చిలో లీజు అయిపోతుంది, ఓనరు ఐదేళ్ళకి రాయమంటున్నాడు. రాయాలా, వద్దా? ఇంకోటి, పెళ్ళయి వచ్చిన మరదలు హోటలు వైపు తొంగి చూడదు. ‘అది మీ అక్క షాపు’ అంటుందట. శని, ఆదివారాలైనా వచ్చి చెయ్యి సాయం చేసేలా ఎలా నచ్చచెప్పాలి? అమ్మ పోయినప్పుడు తమ్ముడికి తొమ్మిదేళ్ళు, నేనే పెంచాను. వాడికి గల్లాలోంచి చేతిఖర్చుకి తీసుకునే అలవాటు. రాత్రి లెక్క తేలకపోతే మావారు బాధపడతారని నా పర్సులోంచి రెండు ఇరవైలు తీసి గల్లాలో పెట్టేస్తుంటాను. ఆయన మంచివారు, ఏమీ అనరు.

జవాబు: నాలుగు పేజీల మీ ఉత్తరాన్ని కుదించి పైన వేశాం. అందులో ఓనరు మీద ఒక పేజీ, మరదలి మీద పేజీన్నర ఉన్నాయి. మీవారికి దక్కింది రెండు ముక్కలు. గల్లాలో రెండు ఇరవైలు పెట్టే సంగతి చివరి పేజీ అడుగున, ఇంటి పేరు రాసే చోటికి కాస్త పైన, ఇరికించి రాశారు. నేను మాట్లాడాల్సింది దాని గురించే.

ముందు లీజు. అది అక్కడి లాయరుకి రెండు గంటల ఫీజు కట్టి చూపించుకోవాల్సిన విషయం. ఇలాంటి సెంటర్లలో లీజులు చాలావరకు ట్రిపుల్ నెట్. అద్దె కాక ఆస్తి పన్ను, బీమా, పార్కింగులో మంచు ఎత్తించే ఖర్చు, అన్నిట్లోనూ మీ వంతు మీరు కట్టాలి. పక్క దుకాణం ఖాళీగా పడున్నా అవి ఆగవు. పెద్ద దుకాణం వెళ్ళిపోతే చిన్నవాళ్ళకి అద్దె తగ్గించాలన్న షరతు కొన్ని లీజుల్లో ఉంటుంది, మీ దాంట్లో ఉందేమో వెతికించండి. 2024 సెప్టెంబరులో బిగ్ లాట్స్ అనే పెద్ద డిస్కౌంట్ స్టోర్ల కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది ఫ్యామిలీ డాలర్ దుకాణాలు వెయ్యికి దగ్గరగా మూసేస్తామని దాని అప్పటి యజమాని కంపెనీ ప్రకటించింది. అంతంత దుకాణాలు ఖాళీ అవుతున్న రోజుల్లో, ఉన్న అద్దెదారు ఏడాదికో రెండేళ్ళకో రాయమని అడిగితే ఓనరు కోప్పడడు. అడగండి.

ఇక మరదలు. ‘అది మీ అక్క షాపు’ అందట. అందులో అబద్ధమేముందమ్మా? లీజు మీద సంతకాలు మీవీ మీవారివీ. వ్యక్తిగత హామీ కాగితం, అంటే షాపు మునిగితే మీ సొంత ఆస్తుల మీదికి రావచ్చని ఒప్పుకునే కాగితం, దాని మీదా మీ ఇద్దరివే. ‘హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, నా పేరు వద్దక్కా’ అని మీ తమ్ముడన్నాడని మీరే రాశారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు వ్యాపారంలో వాటా పెట్టుకోవచ్చు. అందులో పనిచెయ్యడమే కూడదు. మీవాడు సరిగ్గా తిరగేసి చేస్తున్నాడు. కాగితం మీద లేడు, శనివారం కౌంటర్లో ఉన్నాడు. సంతకం దగ్గర అడ్డొచ్చిన వీసా గల్లా దగ్గర రాలేదు!

ఆ అమ్మాయి హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా మీద, వచ్చిందన్నారు. వర్క్ పర్మిట్ లేకుండా మీ హోటల్లో పనికి నిలబడితే, జీతం తీసుకోకపోయినా, రేపు చిక్కు వచ్చేది ఆమెకే. రాకపోవడమే మంచిదయింది. ఆమె పొగరు గురించి మీరు రాసిన పేజీన్నరనీ నేను పక్కన పెట్టేస్తున్నాను.

నాకు కనిపిస్తున్న చిక్కు మీకూ మీ తమ్ముడికీ మధ్య ఉన్నదే. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మీరు అన్నం కలిపి ముద్దలు పెట్టారు. పదిహేడేళ్ళ పిల్ల చేసిన ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఇప్పుడతనికి ముప్ఫై ఆరు. మీరు మాత్రం ఇంకా ముద్దలు కలుపుతూనే ఉన్నారు. భగినీ హస్త భోజనం కార్తీకంలో ఒక్క రోజు, అది కూడా అక్క చేతి వంట తిని తమ్ముడు చీర పెట్టి వెళ్ళే రోజు. మీ ఇంట్లో ఏడాది పొడుగునా భోజనమే, చీర లేదు.

ముప్ఫై ఐదేళ్ళు ఏ వస్తువైనా ఒక్క డాలరే అని కూర్చున్న డాలర్ ట్రీ కూడా 2021 చివర్లో డాలరుంపావు చేసింది. గిట్టనప్పుడు ధర మారుతుంది. మీరు తమ్ముడికి ఇంకా పాత ధరకే ఇస్తున్నారు. పైగా ఆ డబ్బు ఎవరిది? మీకు జీతం లేదు. మీ పర్సులోది మీవారు హాస్పిటల్ ఉద్యోగంలో సంపాదించి కూరగాయలకని ఇచ్చినది. ఆయన డబ్బే మీ పర్సులోంచి గల్లాలోకి, గల్లాలోంచి తమ్ముడి జేబులోకి వెళుతోంది. ఆయనేమో పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి తొమ్మిదికి వచ్చి హోటల్లో నేల తుడిచి, సరిపోయిన లెక్క చూసి తృప్తిగా షట్టరు దించుతున్నారు. ‘ఏమీ అనరు’ అని మెచ్చుకుంటున్నారు గానీ, ఆయన అనడానికి మీరేమన్నా తెలియనిచ్చారా?

మా నాన్నగారిది కిరాణా కొట్టు. బళ్ళోంచి వచ్చి గుప్పెడు బెల్లం తీసుకున్నా ‘ఇంటి ఖాతాలో రాసి తిను’ అనేవారు. మా మేనమామకీ అదే మాట. మామయ్య నెల్లాళ్ళు అలిగాడు. తర్వాత వచ్చి రాసే తీసుకున్నాడు, చివరిదాకా మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. అయినవాళ్ళ మధ్య లెక్కలేమిటనేవాళ్ళని నేను నమ్మను. మొహమాటానికి పోయి లెక్క మానేసిన ఇళ్ళలోనే అన్నదమ్ములు, అక్కాతమ్ముళ్ళు పెళ్ళిళ్ళలో ఎడమొహం పెడమొహంగా కూర్చోవడం చూశాను.

కాబట్టి ముందు మీవారికి చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారో, సుమారు ఎంతయిందో కూడా చెప్పండి. ఆయన ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, ఆ హక్కు ఆయనకుంది. తర్వాత తమ్ముణ్ణి ఒక్కణ్ణే పిలిచి, మీవారి ఎదుటే మాట్లాడండి. లాయరు ఒప్పుకున్న పద్ధతిలో వాటా, అప్పు, హామీ అన్నీ కాగితం మీద పెట్టుకుంటాడా, లేక తమ్ముడిగా వచ్చి భోంచేసి వెళతాడా, ఏదో ఒకటి తేల్చుకోమనండి. అతను ఏడుస్తాడు, అమ్మని తలుస్తాడు. మీరూ ఏడుస్తారు. ఏడ్చాక కూడా అదే మాట అడగండి. లీజు ఎన్నేళ్ళకి రాయాలో ఆ జవాబు విన్నాక మీ ఇద్దరికే తెలుస్తుంది, మార్చికింకా టైముంది.

ఇవాళ రాత్రికి మాత్రం పర్సు కారులోనే వదిలేసి లోపలికి వెళ్ళండి.