టెక్ సందేహాలు: మలబార్ ప్రిన్సెస్ కోసం యాంటీవైరస్ ఆపాలా?

సందేహం: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్) ఎయిర్ ఇండియా పాత రూట్లన్నీ వరుసగా ఎగరాలని మొదలుపెట్టాను. 1948 నాటి బొంబాయి–లండన్ సర్వీసు విమానం ‘మలబార్ ప్రిన్సెస్’ లివరీ ఒక సైట్‌లో ఉచితంగా దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?

ఆపొద్దు. ఆ ఫైలు డిలీట్ చేసేయండి. విమానం మారుతుంది, సైటు మారుతుంది, నాకొచ్చే ప్రశ్న మాత్రం ఇదే.

లివరీ అంటే విమానానికి వేసే రంగు, అంతే. కొన్ని బొమ్మల ఫైళ్లు, ఒకటి రెండు సెట్టింగ్ ఫైళ్లు. జిప్ విప్పి యాడ్-ఆన్ల (గేమ్‌కి అదనంగా చేర్చుకునేవి) ఫోల్డర్‌లో పెడితే పని అయిపోతుంది. రంగు వేయడానికి ఈఎక్స్ఈ (రన్ అయ్యే ప్రోగ్రామ్ ఫైలు) ఎందుకు, అడ్మిన్ పర్మిషన్ ఎందుకు? ‘యాంటీవైరస్ పొరపాటు పడుతోంది, పట్టించుకోకండి’ అని పక్కనే రాస్తారు. అప్పుడప్పుడు పొరబడే మాట నిజమే. కానీ దొంగ కూడా అదే రాస్తాడు కదా!

డబ్బు పెట్టి కొన్నా భరోసా లేదు. 2018లో పేరున్న ఒక యాడ్-ఆన్ సంస్థ, విమానం ఇన్‌స్టాలర్‌లోనే బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు లాగే ప్రోగ్రామ్ పెట్టి దొరికిపోయింది. పైరసీ చేసేవాళ్లను పట్టుకోవడానికని సంజాయిషీ ఇచ్చింది. ఆ ఫైలు డబ్బు కట్టినవాళ్ల కంప్యూటర్లలోకి కూడా చేరింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది.

ఒకవేళ ఇప్పటికే రన్ చేసి ఉంటే, ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టి. ‘అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్’ కూడా నొక్కాలి. మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుపెట్టుకునే బ్రౌజర్ కుకీలు దొంగ చేతికి పోయాయంటే, పాస్‌వర్డ్ మార్చినా అవతలివాడు లోపలే ఉండిపోవచ్చు.

ఇక రూటు. ఆ సర్వీసు కైరో, జెనీవాల మీదుగా లండన్ చేరేది. విమానం లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్. జీపీఎస్ లేని కాలం, కాబట్టి నావిగేషన్ మీరే చూసుకోండి. తేదీ వెనక్కి జరిపితే కాలం వెనక్కి వెళ్తుందనుకోకండి, మారేవి సూర్యుడు, నక్షత్రాలే. హైదరాబాద్ పాత సర్వీసులు బేగంపేట నుంచి ఎగరేయండి. 2008లో తెరిచిన శంషాబాద్, మీరు తేదీని 1965కి జరిపినా మెరుస్తూ కనిపిస్తుంది! ఇది సిమ్యులేటర్ డిజైన్ చేసినవాళ్ల బద్ధకం. కొత్త అప్‌డేట్ పేరుతో పాత యాడ్-ఆన్లను పాడుచేయడానికి ఉన్న ఓపిక, విమానాశ్రయానికి ఒక ప్రారంభ సంవత్సరం రాసుకోవడానికి ఉండదు. అన్నట్టు, అప్‌డేట్‌కి ముందు యాడ్-ఆన్ల ఫోల్డర్‌లోవన్నీ వేరే చోటికి తీసి పెట్టుకోండి.

వరుస అంటున్నారు కాబట్టి, 1948 దగ్గర మొదలుపెట్టడం నాకు నచ్చలేదు. 1932 అక్టోబర్ 15న ఎయిర్ ఇండియాకు పునాది వేసిన జేఆర్డీ టాటా ఒంటి ఇంజిన్ పస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయిలోని జుహూ చేరిన రూటుతో మొదలుపెట్టండి. మోడల్ దొరక్కపోతే సిమ్యులేటర్‌తోనే వచ్చే ఏదైనా చిన్న విమానం చాలు, డౌన్‌లోడ్ పనే లేదు.