ఆ కొండ దీవి కాకముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నాగార్జునకొండ వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. ‘కృష్ణమ్మ ఒడిలో ఒదిగిన ప్రశాంత ద్వీపం’ అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టేయ్. వినడానికి బాగుంది గానీ ఏ లంకకైనా అతుకుతుంది.

ఈ దీవి పుట్టుకతో దీవి కాదు, లోయ అంచున నిలబడ్డ కొండ. కిందున్న లోయలో ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే అదంతా మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి, పైకి మోసుకొచ్చి, మళ్లీ పేర్చారు. మిగతా ఊరు నీళ్లకిందే ఉండిపోయింది. నీ వ్యాసంలో ఆ నీళ్లు అందంగా మెరిశాయి, అంతే. లాంచీ ఎక్కినప్పుడు ఒక్కసారి రెయిలింగ్ మీద వంగి, నా కింద వీధులున్నాయి అనుకుని చూడు. ఆ తర్వాత నువ్వు రాసే మొదటి వాక్యం వేరేగా ఉంటుంది.

బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి మీద రెండు పేజీలు రాశావు. ఆ పేరు స్థలపురాణం ఇచ్చింది. శాసనాలు చెప్పే మనిషి చాంతిసిరి. మహాచైత్యం, అంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, ఆమె దానం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, ఆ తర్వాత అత్తగారు కూడా. మన ఇళ్లలో మొన్నమొన్నటిదాకా నడిచిన మేనరికం పదిహేడు వందల ఏళ్ల కిందటి రాతిమీద కనిపిస్తే నీకు ఒళ్లు జలదరించలేదా? దాన్ని వదిలేశావేమమ్మా!

ఆ స్తూపం దగ్గర కూర్చో. దాన్ని బండిచక్రంలా కట్టారు. నడుమ ఇరుసు దూరే కుంభి లాంటి భాగం, అక్కణ్నుంచి చక్రపు ఆకుల్లా చాచిన ఇటుక గోడలు, వాటి మధ్య మట్టి. ఒక్క ఇటుక మీద చెయ్యి పెట్టి ఎండ ఎంత కాచిందో చూడు. బల్లి ఎటు దూరిందో చూడు. ‘పక్షుల కిలకిలలు’ అని రాశావు గానీ ఏ పక్షో చెప్పలేదు. నేను చూసినవి నీటికాకులు, రాతిమీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. నువ్వు చూసినవి నువ్వు రాయాలి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మ్యూజియంలో బోర్డులు కాపీ చేసుకుంటూ పొద్దంతా గడిపేశాను. లాంచీ కూత వినబడగానే రేవుకి పరుగెత్తాను. ఇంటికొచ్చి చూసుకుంటే నోటుబుక్కు నిండా తారీఖులే, కొండ మీద గాలి ఎటు వీచిందో కూడా గుర్తులేదు. ఆ వ్యాసం అచ్చయింది కూడా. ఇప్పుడు చదవాలంటే బాధేస్తుంది.

వీలైతే రెండు రోజులు పెట్టుకుని, ఒడ్డునున్న అనుపు అనే చోటు కూడా చూడు. మెట్లమెట్లుగా కట్టిన రంగస్థలాన్ని అక్కడ తిరిగి నిలబెట్టారు.

శుక్రవారం మాత్రం బయల్దేరకు, మ్యూజియం మూసి ఉంటుంది. తిరిగొచ్చాక రాసింది పంపు, ఎదురుచూస్తుంటాను.